రెండోసారి అడగని దేశం

మా దేశానికి విదేశాంగ విధానం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒకటి కాదు, ఐదు ఉండేవి. ఆ రోజుల్లో నేను విదేశాంగ శాఖలో సెక్షన్ ఆఫీసర్ని కాబట్టి ఐదింటినీ దగ్గర్నుంచి చూశాను. ఒకదాని కింద నలిగాను కూడా.

అంతకుముందు ఒకటే ఉండేది. పెద్ద గొప్పదేం కాదు గానీ పని జరిగేది. ఎవరైనా రాస్తే జవాబు రాసేవాళ్ళం, ఎవరైనా కసిరితే తిరిగి కసిరేవాళ్ళం. ఇలా ఉండగా సభలో ఒక సభ్యుడు లేచి, "ఈ దేశంలో ఐదు సీమల జనం ఉన్నారు. ఐదు రకాల తిండి, ఐదు రకాల పలకరింపు, ఐదు రకాల కోపం. మరి పరాయి దేశాలతో మాట్లాడేటప్పుడు మాత్రం రాజధాని వాళ్ళ ధోరణి ఒక్కటే ఎందుకు?" అని అడిగాడు. సభంతా బల్లలు చరిచింది. అంత చప్పుడు అతనూ అనుకోలేదేమో, బిత్తరపోయి కూర్చున్నాడు. నిజానికి ప్రశ్న మంచిదే. మా శాఖ చేతిలో పడటమే దాని ఖర్మ.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. పేరు 'జన వైవిధ్య ప్రతిబింబ విధానం'. దాని అమలుకు ఒక ప్రత్యేక విభాగం పెట్టి, సంయుక్త కార్యదర్శిగా పరాంకుశం వేదాద్రిగారిని వేశారు. వేదాద్రిగారు మంచివారు. కోపం రాదు, లంచం తినరు, సెలవు పెట్టరు. ఇన్ని సుగుణాలున్న మనిషి చేతికి ఒక పిచ్చి ఉత్తర్వు ఇస్తే ఇక దాన్ని ఆపగలవాడు ఉండడు.

మొదటి సమావేశంలోనే ఆయన మాకు విషయం బోధపరిచారు.

"విదేశాంగ విధానమనగా ఏమి? ఒక జాతి తన ఆత్మను పరజాతికి నివేదించుకొను ప్రక్రియ. మన ఆత్మ ఐదు విధములు. కావున నివేదన సైతం ఐదు విధములుగా, వంతుల ప్రకారము, ఎట్టి పక్షపాతమునకూ తావులేకుండా జరుగవలెను."

వంతులంటే ఇదీ సంగతి. ఏ వ్యవహారం వచ్చినా వరసలో తర్వాతి సీమకు వెళ్తుంది. ఆ సీమ వాళ్ళు ఇంట్లో, వీధిలో ఎలా నడుచుకుంటారో మా రాయబారులు పరాయి దేశంతో అలాగే నడుచుకోవాలి. వ్యవహారం ఏమిటన్నది చూడకూడదు. చూస్తే పక్షపాతం వచ్చేస్తుంది.

మొదటి వంతు పేటసీమకు వచ్చింది. పేటసీమ అంటే బట్టల బజార్ల సీమ. అక్కడ బేరానికో పద్ధతి ఉంది. కొట్టువాడు ధర చెప్పగానే మొహం చిట్లించి లేచి నడవాలి. నాలుగడుగులు వేసేసరికి వాడే వెనక నుంచి, "అమ్మా, ఇలా రండి, మీరెంతిస్తారో చెప్పండి" అని పిలుస్తాడు. ఆ పిలుపుతోనే అసలు బేరం మొదలవుతుంది. నూలు ఒప్పందానికి వెళ్ళిన మా ప్రతినిధి అవతలి దేశం వాళ్ళు రేటు చెప్పగానే మొహం చిట్లించి లేచాడు. పిలవలేదు. వరండాలో మెల్లగా నడిచాడు, గోడ మీద బొమ్మలు చూస్తున్నట్టు నిలబడ్డాడు. పిలవలేదు. మెట్లు దిగాడు, గేటు దాటాడు, టాక్సీ ఎక్కాడు. విమానం మెట్ల మీద కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూశాడట. మా రికార్డుల్లో ఆ బేరం ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

రెండోది కొండసీమ వంతు. కొండసీమ వాళ్ళు ఎవరింటికి వెళ్ళినా, నడిచొచ్చిన చెమట ఆరేదాకా నోరు విప్పరు. ఊరికే కూర్చుంటారు. అది వాళ్ళ మర్యాద, చక్కటి మర్యాదే. ప్రపంచ దేశాల మహాసభలో మా ప్రతినిధికి మాట్లాడమని పది నిమిషాలు ఇస్తే, ఆయన వేదిక మీద పది నిమిషాలూ కూర్చుని లేచి వచ్చేశాడు. హాలంతా నిలబడి చప్పట్లు కొట్టింది. అంత తీవ్రమైన నిరసన తామెన్నడూ చూడలేదని పత్రికలు రాశాయి. ఒక దేశమైతే మాకు క్షమాపణ కూడా చెప్పింది. ఎందుకు చెప్పిందో మాకింతవరకు తెలీదు, మర్యాదకి అడగలేదు.

ఈ విజయం వేదాద్రిగారిని పాడు చేసింది.

మెట్టసీమలో బయల్దేరుతున్న మనిషిని ఎక్కడికని అడిగితే అపశకునం. ఆ వంతు వచ్చినప్పుడు విమానాశ్రయాల్లో అధికారులు ప్రయాణికుల్ని ఎక్కడికని అడగడం మానేశారు. "మంచి పని మీదే కదా?" అని అడిగేవారు. అందరూ అవుననే చెప్పారు. పోలీసులు ఏళ్ళ తరబడి వెతుకుతున్న విగ్రహాల దొంగ కూడా అవుననే చెప్పి, పెద్ద పెట్టెతో సహా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత తీరసీమ వంతు. అది ఎడారి విస్తరణ మీద జరిగిన మహాసభకు పోయింది. సముద్రం మీద బతికేవాళ్ళు మాట ఎత్తితే ముందు గాలి సంగతి చెప్తారు కాబట్టి, మా ప్రతినిధి గాలి ఎటు వీస్తోందో చెప్పి కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే నూకరత్నం వచ్చింది.

మొగలిపాలెం అనే తీరసీమ పల్లె ఆవిడది. భర్త కొర్లయ్య, ఇంకొందరు వేటకు వెళ్తే నడిసముద్రంలో ఇంజను ఆగిపోయి, పడవ కొట్టుకుపోయి తెరీనా దీవుల నీళ్ళలో తేలింది. తెరీనా వాళ్ళు పట్టుకుని జైల్లో పెట్టారు. ఏడాది కావస్తోంది. తహసీల్దారు కలెక్టరు దగ్గరకు పొమ్మన్నాడు, కలెక్టరు రాజధానికి పొమ్మన్నాడు, రాజధానిలో ఎవరో మా వరండాలో బెంచీ చూపించారు. రైలు దిగిన దగ్గర్నుంచి ఆవిడ ఆ బెంచీ మీదే ఉంది. పగలు అక్కడ కూర్చోవడం, రాత్రి స్టేషన్లో పడుకోవడం.

"కావాలని ఎల్లినారేటి బాబూ? ఇంజను సచ్చిపోతే నీటివాలు ఈడ్సుకుపోయింది. సముద్రంలో గీత గీసుంతాదేటి, ఇది మీది ఇది మాదీ అనీసి?" అంది నాతో.

గీతలు గీసే శాఖలోనే నేను పనిచేస్తున్నానని చెప్పలేకపోయాను. కనుక్కుంటానన్నాను. ఆవిడ కొంగులోంచి కాగితం పొట్లం తీసి నా ముందు విప్పింది. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న జంతికలు.

"తిను బాబూ."

"వద్దమ్మా, ఇప్పుడే తిన్నాను." పొద్దుటి నుంచీ నా కడుపులో కాఫీ తప్ప ఏమీ లేదు.

"ఎక్కడ తిన్నావు, మొకం సూత్తే తెల్త నేదేటి? తిను."

"ఫర్లేదమ్మా, మీకుండాలి కదా."

"ఒట్టుకోవయ్యా" అని గద్దించి నా చేతిలో పెట్టింది. మూడోసారి కాబట్టి పుచ్చుకున్నాను. కరకరలాడుతూ బాగున్నాయి, రెండు ఎక్కువే తిన్నాను. నాది పల్లపుసీమ. మా వైపు పుట్టినవాడు ఆకలితో పడిపోతూ కూడా మొదటిసారి వద్దనే అంటాడు, అవతలివాళ్ళు బలవంతం చేస్తారన్న ధైర్యంతో. ఇద్దరికీ ఆ ఆట తెలుసు కాబట్టి మా సీమలో ఎవరూ ఆకలితో చావలేదు.

కొద్ది రోజులకే శుభవార్త వచ్చింది. తెరీనా దీవుల్లో ఒక ఆచారం ఉంది. వాళ్ళ జాతీయ దినం నాడు పరాయి దేశాల ఖైదీల్ని వదిలేస్తారు. ఆ ఒక్క రోజే. అది తప్పితే మళ్ళీ ఏడాది దాకా లేదు. మా జాలర్లను వదిలే విషయం మాట్లాడటానికి వాళ్ళ రాయబారి మా మంత్రిగారింటికి విందుకు వస్తున్నాడు. నేను పరిగెత్తుకెళ్ళి నూకరత్నానికి చెప్పాను. ఆవిడ కళ్ళొత్తుకుని జడ ముడేసుకుంది, అప్పుడే బండెక్కేట్టు.

మధ్యాహ్నం వేదాద్రిగారు పిలిచారు.

"తెరీనా వ్యవహారము పల్లపుసీమ వంతునకు వచ్చినది. ఆ సీమకు చెందిన ఉద్యోగి మన విభాగమునందు మీరొక్కరే. ఇచ్చిపుచ్చుకొనుట యందు మీవారి సంప్రదాయమేమి?"

ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో నాకప్పుడు తట్టలేదు. ఊరి కబుర్లు చెప్పే అవకాశం దొరికిందన్న సంబరంలో చెప్పేశాను. "మా వైపు ఎవరేమిచ్చినా వెంటనే తీసుకోరండి. రెండుసార్లు వద్దంటారు. మూడోసారి బలవంతం చేస్తే అప్పుడు పుచ్చుకుంటారు. అడగ్గానే చెయ్యి చాపితే ఎంత ఆబో చూడండి అంటారు."

వేదాద్రిగారు కళ్ళు మూసుకుని ఆస్వాదించారు. "ద్వివార నిరాకరణ, తృతీయ స్వీకరణ. ఎంతటి నాగరికత! దీనినే అమలు చేయుదము."

"కానీ ఇక్కడ వాళ్ళు ఇచ్చేది మిఠాయి కాదండి, మనుషుల్ని."

"వస్తుభేదము విధానమునకు అడ్డు రాదు."

"వాళ్ళు రెండోసారి అడక్కపోతేనో?"

"సంస్కారము గల జాతి అడుగక ఉండునా?" అన్నారాయన, నా సంస్కారాన్నే అనుమానిస్తున్నట్టు.

సంగతి నూకరత్నం చెవిన పడింది. వరండాలో వేదాద్రిగారికి అడ్డం నిలబడింది. "బాబూ, మా యవ్వారం మా సీమోళ్ళకే ఇయ్యండి. మాకీ రెండుసార్లు మూడుసార్లు నేవు. ఇత్తే తీసీసుకుంతాం."

ఆయన ఎంతో సానుభూతితో విన్నారు. "అమ్మా, మీ మనోభావము గ్రహించితిని. అయితే తీరసీమ వంతు ఎడారి విస్తరణ మహాసభయందు వినియోగింపబడినది. మిగిలిన నాలుగు సీమల వంతులు గడచినగాని మీది తిరిగి రాదు."

"ఎడారేటి బాబూ?"

ఆయన ఓపిగ్గా వివరించారు. ఇసక గురించి, తగ్గుతున్న వానల గురించి, ఆ సభలో తీరసీమకు దక్కిన గౌరవం గురించి. ఆవిడ మధ్యలో వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. ఆయన అది గమనించకుండా చివరిదాకా వివరించారు.

విందు రోజు వచ్చింది. పల్లపుసీమ వంతు కాబట్టి అరిటాకులు, వంటవాళ్ళు, వడ్డించేవాళ్ళు అంతా ఆ సీమ నుంచే దిగారు. మర్యాదలో పొరపాటు రాకూడదని నన్ను మంత్రిగారి వెనక నిలబెట్టారు. తెరీనా రాయబారి ఒర్మెల్ గారు వయసు మళ్ళిన మనిషి. మన భాష పుస్తకాల్లో చదివి నేర్చుకున్నాడు. ఒక్కో మాటా తూచినట్టు పలుకుతాడు.

భోజనం మొదలైన కాసేపటికే ఆయన ఇబ్బంది పడటం కనిపించింది. పులిహోర చాలన్నాడు. మరో గరిటె పడింది. పప్పు వద్దన్నాడు. రెండు గరిటెలు పడ్డాయి. చివరికి పాయసం దగ్గర రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టాడు. మా వడ్డన కుర్రాడు ఆరితేరినవాడు, వేళ్ళ సందుల్లోంచి పోశాడు. ఒర్మెల్ గారు తన చేతుల వైపు కాసేపు చూసుకుని, తుడుచుకుని, అసలు విషయానికి వచ్చారు.

"మా జాతీయ దినము సమీపించుచున్నది. మా వద్దనున్న మీ మత్స్యకారులను మీకు అప్పగించవలెనని మా ప్రభుత్వం తలచినది. వారిని పంపమందురా?"

మంత్రిగారు వారం రోజుల నుంచి అద్దం ముందు సాధన చేస్తున్నారు. మొహం నిండా నవ్వు పులుముకున్నారు. "అయ్యయ్యో, ఎందుకండీ మీకు శ్రమ? మీ దగ్గరే ఉండనివ్వండి."

ఒర్మెల్ గారు సరిగ్గా విన్నారో లేదోనని కాసేపు ఆయన మొహంలోకి చూశారు. మంత్రిగారు మరింత నవ్వి, "మీరూ మేమూ వేరా ఏమిటి? ఎక్కడున్నా ఒకటే" అన్నారు. ఉచ్చారణ దగ్గర్నుంచి తల ఆడించడం దాకా మా మేనమామ అన్నట్టే ఉంది. ఇంకో సందర్భంలో అయితే నేనే మెచ్చుకునేవాణ్ణి.

"మీ నిర్ణయమును గౌరవించుచున్నాము" అన్నారు ఒర్మెల్ గారు. ఇక ఆ విషయం ఎత్తలేదు.

వేదాద్రిగారు నా చెవిలో, "ప్రథమ పర్యాయము నిర్విఘ్నముగా ముగిసినది" అన్నారు. ఆ బెంచీ మీద కూర్చున్న మనిషికి రేపు నేనేం చెప్పాలి?

కారెక్కబోతున్న రాయబారి దగ్గరకు వెళ్ళాను. "అయ్యా, అది వద్దనడం కాదండి, మర్యాద. ఇంకొక్కసారి అడగండి. మరోసారి కూడా అడగండి. తప్పకుండా ఒప్పుకుంటారు."

ఆయన బాధగా చూశారు. "మా దేశంలో ఒకమారు వద్దన్నవారిని మరల అడుగుట మిక్కిలి అవమానం. నీ మాట నేను నమ్మను అని ముఖం మీద అన్నట్లే. మీ మంత్రిగారిని అంతటి మాట నేనెట్లా అందును?" పాయసంతో తడిసిన చొక్కా చేతులు సర్దుకుంటూ, "వద్దన్నది వడ్డించెదరు, ఇచ్చెదమన్నది వద్దందురు. మీరు చాలా లోతైన ప్రజలు" అని వెళ్ళిపోయారు.

ఈ ముక్క మర్నాడు వేదాద్రిగారికి చెప్పాను. ఆయన కలవరపడకపోగా సంతోషించారు.

"చూచితిరా! వారికిని ఒక సంస్కృతి ఉన్నది. దానిని మనము గౌరవింతము. మన సంస్కృతిని వారు గౌరవింతురు. ఉభయులమూ ఇట్లు గౌరవించుకొనుచుండగా సమస్య ఎక్కడ ఉన్నది?"

"ఆ జాలర్లు జైల్లో ఉన్నారండి, సమస్య అక్కడుంది."

ఆయన నన్ను జాలిగా చూసి, "మీరు వ్యవహారమును చూచుచున్నారు. విధానమును చూడుడు" అన్నారు.

మాటలు ఇంకా నడుస్తున్నాయని నేను నూకరత్నంతో అంటూ ఉండగానే జాతీయ దినం వచ్చింది, వెళ్ళింది. తెరీనా వాళ్ళు మిగతా దేశాల ఖైదీలందర్నీ వదిలేశారు. మా వాళ్ళ విషయం ప్రత్యేకంగా ఆలోచించారట. నేరం చిన్నది కాబట్టి జైల్లో ఉంచడం న్యాయం కాదు, సొంత దేశం అక్కర్లేదంది కాబట్టి పంపడం మర్యాద కాదు. అందుకని రేవు దగ్గర ఒక రేకుల ఇల్లు ఇచ్చి, చేపలకు ఉప్పు పట్టించే పనిలో పెట్టారు. వయసైపోయాక పింఛను కూడా వస్తుందన్నారు.

వేదాద్రిగారికి ఇది గొప్ప ముందడుగుగా కనిపించింది. "గృహమిచ్చిరనగా మక్కువ పెరిగినదన్నమాట. రెండవ పర్యాయము ఇక ఎంతో దూరములో లేదు" అన్నారు. అయినా పని చురుకు కావాలని ఒక నిరసన పత్రం తయారు చేయించారు. రాసింది నేనే. 'మీరు మమ్మల్ని తగినంతగా బలవంతపెట్టనందుకు మా ప్రభుత్వం తీవ్ర ఆవేదన వ్యక్తం చేస్తోంది' అన్న వాక్యం నాదే. మీ ఆవేదనను గౌరవిస్తున్నామని వెంటనే జవాబొచ్చింది.

నూకరత్నానికి నేనే చెప్పాల్సి వచ్చింది. జైలు నుంచి బయటికొచ్చారనగానే లేచి నిలబడింది. ఇల్లిచ్చారనగానే కూర్చుంది.

"అక్కడ ఇల్లేటి? ఇక్కడ ఉంది కదేటి ఇల్లు?"

చెప్పక తప్పలేదు. రాయబారి పంపమంటారా అని అడిగాడని, మంత్రిగారు వద్దన్నారని, అది నిజంగా వద్దనడం కాదని చెప్పాను.

"ఒద్దన్నారా? మా మావని?"

"మర్యాదకమ్మా. ఇంకో రెండుసార్లు అడిగితే..."

"నీకు అడిగినారా బాబూ ఒద్దనాలా అనీసి? నాకడిగినారా?" ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. "ఆకు ముందర కూకున్నోడు ఒద్దంతాడు. నాను ఆకు ముందర కూకోనేదు కదా."

సిగ్గుతో నా చెవులు మండాయి.

సంచీ దగ్గరకు లాక్కుని, "ఆ దొర ఎక్కడుంతాడు?" అంది.

వరండా కిటికీలోంచి చూపించాను. తెరీనా రాయబార కార్యాలయం మా ఎదురుగానే ఉంది. నీలం గేటు, గేటు పక్కన గన్నేరు చెట్టు. రోడ్డు దాటితే చాలు. ఈ వ్యవహారం మొదలైన దగ్గర్నుంచి మా శాఖ వాళ్ళెవరూ ఆ రోడ్డు దాటలేదు. దాటడం ఏ సీమ పద్ధతో తేలలేదు కాబట్టి.

ఆవిడ సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది. బస్సులు పోయేదాకా ఆగి రోడ్డు దాటింది. గేటు తెరుచుకోవడం చూశాను. ఫైలు తెరిచి మూసేలోపే బయటికి వచ్చేసింది. మా భవనం వైపు తల తిప్పకుండా స్టేషన్ దారి పట్టింది.

లోపల ఏం జరిగిందో ఒర్మెల్ గారే తర్వాత ఫోనులో చెప్పారు. ఆవిడ తన పేరూ భర్త పేరూ చెప్పింది. ఆయన, "అతనిని పంప..." అనేలోపే, "పంపీయండి" అంది. ఆయన సరేనన్నారు.

"అంతేనా అండీ?" అన్నాను.

"అంతే. మీ దేశం నుంచి మమ్మల్ని అడిగిన మొదటి వ్యక్తి ఆమెయే" అన్నారాయన. ఆ గొంతులో ఎత్తిపొడుపు ఏమీ లేదు, అదే నాకు గుచ్చుకుంది.

వాళ్ళిప్పుడు ఖైదీలు కారు కాబట్టి మళ్ళీ జాతీయ దినం దాకా ఆగక్కర్లేకపోయింది. ఉప్పు రవాణా చేసే తెరీనా ఓడ ఒకటి కొర్లయ్యతో పాటు అందర్నీ మా నీళ్ళ దాకా తెచ్చి వదిలింది. మొగలిపాలెం పడవలు ఎదురెళ్ళి ఎక్కించుకొచ్చాయి. మూడో రోజుకు పత్రికల్లో చిన్న వార్త పడింది.

శాఖలో గగ్గోలు పుట్టింది. ఫైలు ప్రకారం మేము మొదటి నిరాకరణ దగ్గర ఉన్నాం. రెండోది కాలేదు, మూడోసారి బలవంతం కాలేదు, పుచ్చుకోవడం అసలే కాలేదు. మరి మనుషులెలా వచ్చేశారు? వేదాద్రిగారు ఒక రాత్రంతా ఆలోచించి వచ్చి తీర్పు చెప్పారు.

"వారు వచ్చి ఉండవచ్చును. కాని స్వీకరింపబడలేదు. కావున విధానరీత్యా వారు తెరీనా యందే ఉన్నారు. పల్లపుసీమ సంప్రదాయమునకు భంగము వాటిల్లరాదు. మీరు స్వయముగా వెళ్ళి, మూడవ పర్యాయము పూర్తియగు వరకు బహిరంగముగా కనిపించవద్దని ఆ కొర్లయ్యకు నచ్చజెప్పి రండు."

వెళ్ళాను. రాత్రంతా రైలు, పొద్దుట బస్సు, అక్కణ్ణుంచి ఇసకలో నడక. దారిలో తినడానికేమీ దొరకలేదు. మొగలిపాలెం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఇల్లు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. చేపల పులుసు వాసన నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. చింతపండు, పచ్చిమిర్చి, కొత్తిమీర, అప్పుడే దించిన దాక. నా కడుపు నాకంటే ముందు గడప దాటింది.

కొర్లయ్య నేల మీద కూర్చుని తింటున్నాడు. సన్నటి మనిషి, ఉప్పు పనికి చేతులు పగిలి ఉన్నాయి. నూకరత్నం ఎదురుగా కూర్చుని గరిటెతో పులుసు తోడుతోంది. నన్ను చూసి గుర్తుపట్టింది. కోపం చూపించలేదు. పీట వాల్చింది.

"కూకో బాబూ."

కూర్చున్నాను. వచ్చిన పని చెప్పాను. విధానరీత్యా అతనింకా తెరీనాలో ఉన్నాడని, కొన్నాళ్ళు బయట తిరగొద్దని. చెప్తుంటే నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

కొర్లయ్య ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగాడు. "అలాగైతే ఈ కూడు తింతన్నదెవుడు బాబూ?" అన్నాడు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. నేను విధానంలో జవాబు వెతుక్కుంటున్నాను.

"ఇంకో ముక్క..." అని నూకరత్నం గరిటె ఎత్తింది.

"ఎయ్యి" అన్నాడతను, ఆవిడ మాట పూర్తి కాకముందే. ఆవిడ వేసింది. ఇద్దరి మొహాల్లోనూ ఒకే రకమైన తృప్తి కనిపించింది.

తర్వాత ఆవిడ నా వైపు తిరిగింది. దాకలో ఇంకా సగం పైగానే ఉంది. పెద్ద ముక్కలు నూనె తేరిన పులుసులో పైకి కనిపిస్తున్నాయి. పక్కన ఆవిర్లు కక్కుతూ అన్నం.

"తింతావా బాబూ?"

"వద్దమ్మా" అన్నాను. "ఇప్పుడే తినొచ్చాను."

నా నోరే. నలభై ఏళ్ళుగా నాతో ఉన్న నోరు. నేనేమీ అనుకోకముందే అనేసింది.

నూకరత్నం తలూపింది. "సరే బాబూ" అంది. దాక మీద మూత పెట్టింది. మూత మీద చిన్న రాయి కూడా పెట్టింది, పిల్లి తొయ్యకుండా. లేచి చేతులు కడుక్కుంది.

కొర్లయ్య తినడం అయిపోయింది. తీరం నుంచి ఎవరో కేకేస్తే వల తీసుకుని బయల్దేరాడు. ఊళ్ళో జనమంతా చూస్తుండగా, పట్టపగలు, తెరీనాలో ఉన్న మనిషి ఇసకలో నడిచి వెళ్ళాడు. నేను పీట మీదే కూర్చున్నాను. మళ్ళీ బస్సు సాయంత్రానికి గానీ లేదు.

నూకరత్నం వాకిట్లో వల చిక్కులు తీసుకుంటూ మధ్య మధ్యలో నా వైపు చూసింది. పని తొందరలో మరిచిపోయిందేమో, ఇప్పుడు అడుగుతుంది అనుకున్నాను. ఆవిడ చూసిన ప్రతిసారీ నవ్వు మొహం పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను.